నాలుక కింది పోగు

ఇంకా మా వంతు రాలేదు. రాకపోతేనే బాగుండు, ఈ రేకు బల్ల మీద ఇట్లాగే పొద్దుగూకి, డాక్టరు షట్టరు దించుకుని ఇంటికి పోతే బాగుండు, మేమూ లేచి సిరిసిల్ల బస్సెక్కి పోదుము. కానీ పక్కన కూర్చున్న మనిషి ఇవాళ అట్లా లేచి వచ్చే రకం కాదు. తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చాడు దశరథం, నా మొగుడు. ఆ చొక్కా మా కావ్యను కాలేజీలో చేర్పించిన రోజు పెట్టెలోంచి తీశాడు, మళ్ళీ ఇవాళే. మధ్యలో ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని చావులు, వేటికీ దానికి ముహూర్తం కుదరలేదు. పిల్లి చచ్చిపోతే కుదిరింది. చొక్కా జేబు మీద అరచెయ్యి ఆనించుకుని కూర్చున్నాడు, చూసినవాళ్ళు గుండెనొప్పి అనుకుంటారు. జేబులో కాగితం పొట్లం ఉంది, పొట్లంలో పాలిస్టర్ పోగు ఉంది, మా పిల్లి కడుపులోంచి ఆయన తన చేత్తో బయటికి తీసిన పోగు. దాన్ని డాక్టరు బల్ల మీద పెట్టి, మీ సూదిమందుతో పోనిది నేను చేత్తో తీశాను, మీరెందుకు చూడలేదు అని అడుగుతాడట. అడగనీ, అడగాల్సిందే, నాకూ ఆ డాక్టరును నాలుగు మాటలు కడిగేయాలనే ఉంది. కానీ ఆ పోగు గుంజడం వల్లే పిల్లి ప్రాణం పోయిందని పొద్దుటినుంచి నాకు తెలుసు, ఆయనకు తెలియదు. ఆయన పొట్లం విప్పాడంటే డాక్టరు మొదట అనేది ఆ మాటే.

పొద్దున కావ్య ఫోన్ చేసినప్పుడు ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. ఫోన్ మోగిందనే ఆయనకు తెలియదు. కావ్య మా బిడ్డ, ఇక్కడే కరీంనగర్‌లో హాస్టల్‌లో ఉండి చదువుతోంది. డాక్టరును ఎట్లా నిలదీయాలో కనుక్కుంటానని తన దోస్తు వాళ్ళ అన్నను అడిగిందట, ఆ పిల్లవాడు పశువైద్యం చదివాడు. "అవ్వా, పిల్లి దారం మింగుతే ఒక కొస నాలుక కింద చిక్కుకుంటదట. నోరు తెరిచి నాలుక ఎత్తి చూస్తే కనబడుతదట. మీ డాక్టరు చూడలే కదా, గదే అడుగుండ్రి" అంది. నా ఒళ్ళు మండింది, మండుతూనే లోపల ఎక్కడో సంతోషం కూడా వేసింది, దొరికాడురా డాక్టరు అనుకున్నాను. అంతలోనే అంది, "ఇంకోటవ్వా, దారం ఎనుకనుంచి బయటికొచ్చినా గుంజొద్దట. ఇంకో కొస నోట్ల ఇరికి ఉంటది కదా, గుంజుతే లోపల పేగంత కోసుకపోతదట. మీరెవ్వరు గుంజలే కదా?" లేదు బిడ్డా అన్నాను. నా నోటికి అబద్ధం కొత్తేమీ కాదు, చిట్టీల దగ్గర, చుట్టాల దగ్గర అవసరానికి ఆడినవే, కానీ ఇంత గబుక్కున ఎన్నడూ ఊడిపడలేదు. అద్దంలో ఆయన మొహం సగం నురగ, సగం చర్మం. ఎవరు అన్నట్టు కనుబొమ్మ ఎగరేశాడు. కావ్య అన్నాను. ఏమంటది అన్నాడు. నాలుక కింద చూడాలట, డాక్టరు చూడలేదట అన్నాను. అంతే చెప్పాను. మిగిలిన సగం పొద్దుటినుంచి గొంతులోనే పెట్టుకుని తిరుగుతున్నాను.

ఆయనతో అబద్ధమాడాలన్నా నిజం చెప్పాలన్నా పెదవులతోనే చెప్పాలి. మరమగ్గాలను మేము సాంచెలంటాం. చిన్నప్పటినుంచి ఆ చప్పుడులో నిలబడి నిలబడి ఆయన చెవులు పోయాయి. ఒక్కసారిగా పోలేదు, ముందు పిట్టల కూతలు పోయాయి, తర్వాత చిన్నపిల్లల మాటలు, తర్వాత నా మాటలు. పోయిందేముంది లే, నీ తిట్లే కదా అన్నాడప్పుడు. సాంచెల షెడ్డులో చెవులున్నవాళ్ళు కూడా నోరు పెట్టి అరవరు, పెదవులు ఆడిస్తారు, చేత్తో సైగ చేస్తారు, అక్కడినుంచి ఇక్కడికి కాపురాల ముచ్చట్లన్నీ అట్లాగే నడుస్తాయి. నేను ఒక మూలన నూలు కండెలు చుట్టుతూ ఉంటే ఆయన ఇంకో మూలన సాంచె మీద ఉండి, రాత్రికి కూర ఏం చేస్తావని పెదవులతో అడిగేవాడు. లోకమంతా ఆ షెడ్డే అయితే ఆయనకు ఏ లోటూ లేదు. బయటికి వస్తేనే. బయట జనం మొహం పక్కకు తిప్పి మాట్లాడుతారు, నోట్లో గుట్కా పెట్టుకుని మాట్లాడుతారు, మీసాల కింద మాట్లాడుతారు. ఒకటికి రెండుసార్లు అడిగితే విసుక్కుంటారు. మెల్లమెల్లగా ఆయన అడగడం మానేశాడు. చుట్టాలింటికి పోతే ఒక కుర్చీ చూసుకుని నవ్వు మొహం పెట్టుకుని కూర్చుంటాడు, ఎవరు నవ్వితే వాళ్ళతో కలిసి నవ్వుతాడు, ఒకసారి చావింట్లో కూడా నవ్వాడు, నేను డొక్కలో పొడిచాను.

ఆ మనిషికి దొరికింది ఆ పిల్లి. వేములవాడ రాజన్న గుడిలో కోడెదూడను కట్టేసే మొక్కు తీర్చుకుని వస్తున్నాం, కావ్య పరీక్ష పాసైన మొక్కు. అందరూ కోడెను కట్టేసి ఖాళీ చేతులతో వస్తారు, మేము బస్సెక్కి కూర్చున్నాక సంచిలో ఏదో కదిలింది. చూస్తే కొబ్బరిచిప్పల మధ్య నల్లగా తెల్లగా పిడికెడు పిల్లికూన, ప్రసాదం పులిహోర తింటోంది. రాజన్నకు కోడెనిస్తే రాజన్న మనకు ఇంకో కోడెనిచ్చిండే అన్నాడు ఆయన, బస్సంతా వినబడేటట్టు. చెవులు పోయినవాళ్ళ గొంతు పెద్దది కదా, బస్సంతా నవ్వింది. అట్లా పిల్లికి కోడె అని పేరు. మొన్న నేను ఇక్కడికి తీసుకొచ్చినప్పుడు, కంపౌండరు పేరేంటని అడిగితే కోడె అని చెప్పాను, వాడు మేడమీదినుంచి కిందికి తొంగిచూసి, రోడ్డు మీద కట్టేసిండ్రా, పైకి ఎట్ల తెస్తరు అన్నాడు. ఆ రోజు నవ్వొచ్చింది నాకు. బుట్టలో అది మూలుగుతున్నా నవ్వాను. మందు పడితే తగ్గిపోతుందనే కదా నమ్మకం.

అది ఆయన వెంటే ఉండేది. పిలిస్తే వచ్చే జాతి కాదు, ఈయనకు పిలుపుతో పని లేదు, ఇద్దరికీ సరిపోయింది. సాయంత్రం ఆయన గడప మీద కూర్చోగానే వచ్చి ఒళ్ళో పడేది. దాని కడుపు మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు. గుర్రు గుర్రుమంటే ఆయన అరచేతికి తెలిసేది. ఇగో మాట్లాడుతుందే అనేవాడు నాతో. ఏమంటోంది అని నేను ఎగతాళి చేస్తే, నీ కండెలు మంచిగ లేవంటుంది అనేవాడు. నాతో ఒక్క మాట మాట్లాడాలంటే ముందు నా మొహం ఆయన వైపు తిరగాలి, దీపం వెలుగు పడాలి, నేను కోపంగా ఉండకూడదు. పిల్లికి అవేమీ లేవు. నాకు కొంచెం కుళ్ళు కూడా ఉండేది, ఎందుకు దాచాలి. ఇప్పుడు ఆ చెయ్యి ఊరికే ఉండలేకపోతోంది. తింటూ తింటూ ఆపి పక్కన నేల మీద తడుముతాడు, అక్కడ ఏమీ ఉండదు, మళ్ళీ కంచంలో పెడతాడు, కానీ తినడు. నాకు ఆ చెయ్యిని చూస్తే ఏడుపొస్తుంది.

లోపలినుంచి ఒక పెద్ద కుక్క బయటికొచ్చింది, దాన్ని పట్టుకున్నతను గొలుసు వెంట పరుగెత్తుతున్నాడు. తలుపు తెరుచుకున్న కాస్తలో డాక్టరు కనబడ్డాడు, అనిల్ కుమార్, నీలం మాస్కు, చేతులకు తొడుగులు, కళ్ళు మాత్రమే. మొన్న కూడా కళ్ళే చూశాను. మొన్న నేను ఒక్కదాన్నే వచ్చాను, మా ఆయనకు డ్యూటీ. కండెల బుట్టలో గుడ్డ పరిచి దాన్ని పడుకోబెట్టుకుని వచ్చాను, దారంతా పసరు కక్కింది. డాక్టరు కడుపు నొక్కాడు, కింద గాజుగొట్టం పెట్టి జ్వరం చూశాడు. నోటి దగ్గరికి చెయ్యి పోయింది, పోయిన మాట నిజం, కోడె బుస్సుమంది, చెయ్యి వెనక్కి వచ్చింది. సార్, మేము సాంచెలోళ్ళం, ఇల్లంతా దారాలే ఉంటయ్ అని నేను చెప్పాను. ఇప్పటికీ ఆ మాట నా చెవుల్లో ఉంది, నేను చెప్పాను. గ్యాసమ్మా, పిల్లులు ఇట్లనే చేస్తయ్, తగ్గుతది అన్నాడు. సూది వేశాడు, తాగే మందు ఇచ్చాడు. ఇంకెవరైనా అయితే పిల్లి బుస్సుమంటే వెనక్కి తగ్గుతారు సరే, డాక్టరు కూడా తగ్గితే ఎట్లా? తొడుగులున్నాయి కదా చేతులకు. ఒక్క క్షణం దవడ పట్టుకుని నాలుక ఎత్తితే కనబడేది. ఆ ఒక్క మాట, చూడాల్సి ఉండె అమ్మా, చూడలే అని డాక్టరు నోటివెంట రావాలి. అది వింటే చాలు నాకు, ఇంకేమీ అక్కర్లేదు. పోయిన ప్రాణం రాదు, తెలుసు. అయినా ఆ మాట రావాలి, అది నాకు రావలసిన మాట.

మా ఎదుటి బల్ల మీద ఒకావిడ ఒళ్ళో బొచ్చుకుక్కను పెట్టుకుని ఉంది. మెడలో చిన్న సిలువ గొలుసు, చేతిలో సంచి. నన్నే చూస్తూ, "మీది ఏదమ్మా, కుక్కనా?" అని అడిగింది. ఏం చెప్పాలి, చేతులు ఖాళీ. పిల్లి, చచ్చిపోయింది అన్నాను. "అయ్యో" అని కుక్కను ఇంకా దగ్గరికి పొదువుకుంది, చావు అంటుకుంటుందేమో అన్నట్టు. తన పేరు లిడియా అని, మెట్‌పల్లిలో టీచరని చెప్పింది. "నా బంగారాన్ని ఈ డాక్టరే రెండుపార్లు బతికించిండమ్మా. మా ఇంట్ల ఎవ్వరం నిద్ర కూడ పోలే. దేవుడు ఆయన చేతిల కృప పెట్టిండు" అంది. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఆమె మీద కాదు, డాక్టరు మీద కూడా కాదేమో. ఆమె కుక్క ఎవరినీ కరవదు కాబోలు, నోరు తెరిచి చూపిస్తుంది కాబోలు. నేను తల ఊపాను. అప్పుడే ఈయన ముందుకు వంగాడు. ఆమె కుక్కకు ఊలు అంగీ తొడిగి ఉంది, అంగీ అంచున ఒక దారం వేలాడుతోంది. ఈయన చెయ్యి చాచాడు. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను, గట్టిగా. ఆయన నా వైపు ఆశ్చర్యంగా చూశాడు, దారమే, తీస్తున్న అన్నాడు. లిడియా నవ్వి, తానే తుంచుకుంది.

ఆ చెయ్యే అట్లాంటిది, ఆయన తప్పేముంది. పోగు కొస కనబడితే గుంజకుండా ఉండలేదు. మా పెళ్ళిలో పుస్తె కట్టేటప్పుడు అందరూ అక్షింతలు వేస్తుంటే ఈయన నా భుజం మీద వేలాడే జరీ పోగు పట్టుకుని చూస్తున్నాడు. బస్సులో ముందు కూర్చున్నవాడి కాలరు మీద కొస కనబడితే తీస్తాడు, వాడు వెనక్కి తిరిగి కొట్టబోతాడు, నేను సర్దిచెప్పాలి. పుట్టినప్పటినుంచి అదే పని. తెగిన పోగు వెతకడం, కొస పట్టడం, గుంజడం, అతకడం. సాంచె మీద పోగు వదిలేస్తే గుడ్డ పాడవుతుంది, వదలకూడదని వాళ్ళ బాపు నెత్తిన మొట్టి మరీ నేర్పాడట. డాక్టరు మందిచ్చి పంపిన తర్వాత, కోడె సాంచె కింద ముడుచుకుని ఉంటే దాని తోక కింద తెల్లగా కొస కనబడింది. సాంచె ఆపాడు ఆయన. ఆపడం నేను చూశాను, డ్యూటీ మధ్యలో సాంచె ఆపే మనిషి కాదు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు, బుజ్జగిస్తూ ఒక చెయ్యి దాని వీపు మీద పెట్టాడు, ఇంకో చేత్తో మెల్లగా, ఎంత మెల్లగా అంటే పడుగు పోగు కూడా తెగదు అంత మెల్లగా గుంజాడు. వచ్చింది, వస్తూనే ఉంది. పిల్లి అరిచింది. నాకు వినబడింది, ఆయనకు వినబడలేదు. అయిపోయింది బిడ్డా, అయిపోయింది అంటున్నాడు. చివరికి ఎక్కడో పుటుక్కున తెగినట్టు చేతికొచ్చింది, నెత్తుటితో. పోగు పైకెత్తి నాకు చూపించాడు, మొహమంతా నవ్వు. ఇగో, డాక్టరు తీయనిది నేను తీసిన చూడు అన్నాడు. నేనూ నవ్వాను, గండం గడిచిందని. పొద్దుగూకకముందే పోయింది అది. షెడ్డు యజమాని ఆసామిని అడిగి సాంచె మీది గుడ్డ ముక్క తెచ్చి చుట్టి, షెడ్డు వెనుక ఆయనే తవ్వి పూడ్చాడు. జర ముందు కనబడితే బతుకుతుండె అన్నాడు మట్టి వేస్తూ. అప్పటినుంచి అదే మాట. జర ముందు డాక్టరు చూసి ఉంటే. అందుకే ఈ తెల్ల చొక్కా.

ఈయన జీవితంలో ఎవరినీ ఎందుకిట్లా చేశావని అడిగినవాడు కాదు. ఆసామి కూలి తగ్గిస్తే తలూపాడు, తమ్ముడు ఇంటి జాగాలో గోడ జరిపితే తలూపాడు. ఇనబడలే అంటాడు నేను అరిస్తే. కొన్ని వినబడేవి, నాకు తెలుసు. ఇవాళ మొదటిసారి ఒకరిని అడగడానికి బయలుదేరాడు, అదీ ఒక పిల్లి కోసం. వద్దని ఎట్లా చెప్పను? తలనొప్పి అన్నాను పొద్దున, మాత్ర ఇచ్చాడు. బస్సు వేములవాడ దాటేటప్పుడు గుడి వైపు తిరిగి దండం పెట్టుకున్నాడు, అప్పుడైనా చెప్పేద్దామని మోచేతిని తట్టాను. ఆయన తిరిగి నా పెదవుల వైపు చూశాడు, అట్లా చూస్తాడు, పాలిచ్చే గొడ్డు వైపు దూడ చూసినట్టు. ఏం లేదు, కిటికీ వెయ్యి అన్నాను. ఇప్పుడు చూడు, పక్కన కూర్చుని మాట సాధన చేస్తున్నాడు. గొంతు రాదు కానీ పెదవులు ఆడుతున్నాయి, తన పెదవులు ఎవరికీ కనబడవనుకుంటున్నాడు కాబోలు. నేను చూడకూడదనుకుంటూనే చదువుతున్నాను. సార్, నేను కొట్లాటకు రాలే. సార్, మీ సూదితోని పోనిది. ఇక్కడ ఆగుతున్నాడు. నేను నా చేతితోని తీసిన. మళ్ళీ మొదటినుంచి. ఆ ఒక్క ముక్క దగ్గర ప్రతిసారీ ఆగుతున్నాడు, అరచెయ్యి ధోవతికి తుడుచుకుంటున్నాడు, మళ్ళీ మొదలుపెడుతున్నాడు. దేవుడా, ఆ పొట్లం ఎక్కడన్నా పడిపోతే బాగుండు. లోపల నేనే మాట్లాడుతా అన్నాను ఆయన వైపు తిరిగి. అడ్డంగా తలూపాడు. నేను అడగాలె సక్కూ, నేనే అడగాలె అన్నాడు, హాలంతా మా వైపు చూసింది.

"కోడె! కోడె ఎవరిది?" కంపౌండరు తలుపు దగ్గర నిలబడి పిలుస్తున్నాడు. నేను రాయించిన పేరు అదే కదా, ఇంకేమని పిలుస్తాడు. చచ్చినదాని పేరు అంత మామూలుగా గాలిలోకి వచ్చింది. ఈయనకు వినబడలేదు. ఒక్క క్షణం, నిజం చెబుతున్నాను, కదలకుండా కూర్చుందామనుకున్నాను. పిలిచి పిలిచి పోతాడు. కానీ కంపౌండరు చూపు మా మీదే ఉండటం చూసి లిడియా వేలితో తలుపు చూపించింది, ఈయన లేచాడు.

లోపల ఫినాయిలు వాసన, తడి ఇనుప బల్ల. డాక్టరు నన్ను గుర్తుపట్టాడు. "ఆ, పిల్లి కదా. ఎట్లుందమ్మా ఇప్పుడు?" అన్నాడు మాస్కు లోపలినుంచి. ఈయన మాస్కు వైపు చూసి, డాక్టరు మాట్లాడుతున్నాడో లేదో కూడా తెలియక, తన మాట తాను మొదలుపెట్టాడు. "సార్, నేను దశరథం, సిరిసిల్ల. సాంచెలు నడుపుత. నా పిల్లి సచ్చిపోయింది. నేను కొట్లాటకు రాలే. మీరు నాలుక ఎత్తి ఎందుకు సూడలే, గదొక్కటి అడుగుత." గొంతు పెద్దగా ఉంది కానీ వణికింది. పొట్లం తీశాడు. విప్పాడు. పోగు ఎండి గోధుమరంగులోకి తిరిగింది. "మీ సూదితోని పోనిది నేను నా చేతితోని తీసిన" అన్నాడు, ఆగకుండా అనేశాడు ఈసారి.

డాక్టరు పోగు వైపు చూశాడు, కనుబొమ్మలు ముడిపడ్డాయి. "గుంజిండ్రా? దారం గుంజుతరా అమ్మా ఎవరన్నా? లోపల పేగు తెగుతది. గుంజకుండ తెస్తే ఆపరేషన్ చేస్తుంటిని, బతుకుతుండె. మీ చేతులతోని మీరే..." అంటూ ఆగాడు. ఈయన మాస్కు వైపు చూస్తున్నాడు, నా వైపు చూస్తున్నాడు. ఏమంటుండు అని నన్ను అడిగి, నేను నోరు తెరవకముందే డాక్టరుకు దండం పెట్టాడు. "సార్, నాకు చెవులు ఇనరావు. జర గా మాస్కు తీసి చెప్పుండ్రి."

డాక్టరు చెయ్యి చెవి దగ్గరికి పోయింది. వేలు మాస్కు తాడుకు తగిలింది. నేను ఈయనకు వీపు పెట్టి నిలబడ్డాను, నా నోరు ఆయనకు కనబడకుండా. "తీయకుండ్రి సార్. మీ కాళ్ళు మొక్కుత, తీయకుండ్రి. తన చెయ్యే సంపిందని ఆయనకు తెల్వది. తెలిస్తే బతకడు ఆయన. నన్ను ఎన్నన్న అనుండ్రి, గా మాస్కు మాత్రం తీయకుండ్రి" అన్నాను. డాక్టరు చెయ్యి అక్కడే ఆగింది. అట్లా ఆగిన చెయ్యిని చూస్తే నాకు మొన్న కోడె నోటి దగ్గర ఆగిన చెయ్యే కనబడింది, ఆపుకోలేకపోయాను. "సాంచెలోళ్ళం, ఇల్లంతా దారాలే అని మీకు చెప్పిన. చెప్పిన్నా లేదా సార్? నాలుక ఎత్తి చూస్తే మాకు గుంజే పనే పడకపోతుండె." డాక్టరు చెయ్యి మెల్లగా కిందికి దిగింది. కళ్ళు పోగు మీదే ఉన్నాయి.

ఈయన నా భుజం పట్టి తనవైపు తిప్పుకున్నాడు. "ఏమంటుండే? చెప్పు." నేను గొంతు తీయలేదు, షెడ్డులో మాట్లాడినట్టు పెదవులతోనే, ఒక్కొక్క మాట విడమరిచి చెప్పాను. తప్పు నాదే అంటున్నాడు. నోరు తెరిచి చూడాల్సి ఉండె, చూడలేదంటున్నాడు. మాఫ్ చేయమంటున్నాడు. ఈయన చివరి మాట దాకా నా పెదవుల మీదినుంచి చూపు తీయలేదు. తర్వాత డాక్టరు వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "గంతే సార్. గా ఒక్క మాట కోసమే వచ్చిన. మనిషన్నంక తప్పు జరుగుతది. ఒప్పుకున్నరు, పెద్ద మనసు మీది" అన్నాడు, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. డాక్టరు అప్పుడు నా వైపు చూశాడు. తన నోటితో నేను ఏమనిపించానో ఇప్పుడు తెలిసింది ఆయనకు. లేదని ఒక్కసారి తల అడ్డంగా ఊపితే చాలు, దానికి మాస్కు కూడా తీయనక్కర్లేదు. బయట ఏదో కుక్క కుయ్యి కుయ్యిమంటోంది. డాక్టరు ఈయన వైపు తిరిగి తల కిందికి ఊపాడు, అవునన్నట్టు. "మళ్ళొకరి పిల్లి వస్తే సూడుండ్రి సార్" అన్నాడు ఈయన. దానికీ ఊపాడు. ఒప్పుకునే ఊపాడో, ఈ గొడవ వదిలితే చాలని ఊపాడో నాకు ఎప్పటికీ తెలియదు.

కింద రోడ్డు మీదికి రాగానే ఆకలవుతుందే అన్నాడు. ఎన్నాళ్ళయిందో ఆ మాట విని. బండి దగ్గర నిలబడి మిర్చీలు తిన్నాడు, ఒకటి నాకు తినిపించబోయాడు, కారం అని వద్దన్నాను. నాకు తినబుద్ధి కాలేదు. డాక్టరు మీద కోపం పోలేదు, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడంలేదు. నేను ఏ మాట కోసం వచ్చానో అది డాక్టరు అనలేదు, నేనే అన్నాను, ఇక మళ్ళీ పోయి అడిగే దారి కూడా లేదు. రేపటినుంచి షెడ్డులో అందరికీ చెబుతాడు ఈయన, డాక్టరు మంచోడు, తప్పు ఒప్పుకున్నడు అని. నేను పక్కన కండెలు చుట్టుతూ తలూపాలి. కావ్యకు ఫోన్ చేసి ఏం చెప్పాలో కూడా ఆలోచించుకోవాలి.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా ఆయన బయటికి చూడలేదు. మొహం నా వైపే తిప్పుకుని కూర్చున్నాడు. "డాక్టరు ఏమన్నడే? మళ్ళొకపారి చెప్పు" అన్నాడు. చెప్పాను. "తప్పు తనదే అన్నడా?" అన్నాడని చెప్పాను. "నా చేతి ముచ్చట ఏమన్నడు? పోగు తీసింది?" ఏమీ అనలేదు, మంచిపనే చేశావన్నాడు అన్నాను. ఆయన తన అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. అప్పుడు, ఎన్నడూ మెల్లగా మాట్లాడటం చేతకాని మనిషి, పక్క సీటువాళ్ళకు కూడా వినబడనంత మెల్లగా అన్నాడు. "తీస్తుంటే అది వణికింది సక్కూ. చేతికి తెలిసింది నాకు. అయినా ఇడువలే. నా చెయ్యే సంపిందేమో అనుకుంటున్న గా దినంనుంచి. గది అడుగుదామనే వచ్చిన."

నేను ఆయన మొహం చూడలేక కొంగు సర్దుకున్నాను. ఆయన నా గడ్డం పట్టి మొహం తనవైపు తిప్పుకున్నాడు, వెలుగు నా మీద పడేటట్టు. "మళ్ళొకపారి చెప్పు" అన్నాడు. పెదవి వణకకుండా పళ్ళతో నొక్కి పట్టుకుని, వదిలి, మళ్ళీ మొదటినుంచి చెప్పాను.